పాముల గద్దను ఎండకు పెట్టిన రోజు

ముప్పై ఏళ్ల సర్కారీ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చేసిన పని తలకాయలను పక్కకు జరపడం. పేరుకు ఫొటోగ్రాఫరుని, ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ప్రచార విభాగంలో. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తుంటే ఆయనకూ నా కెమెరాకూ మధ్య ఎప్పుడూ నాలుగు తలకాయలుండేవి. ఒకటి సర్పంచిది, ఇంకొకటి సర్పంచి బావమరిదిది, మిగిలిన రెండూ ఎవరివో ఈనాటికీ తెలియదు. "సార్, కొంచెం ఎడమకు. పెద్దాయనా, మీరు కూచోండి. తమ్ముడూ, ఆ గొడుగు దించు." నాకు వచ్చిన విద్య ఇదే. ఈ విద్యను వెంటబెట్టుకునే అడవికి వెళ్లాను, అక్కడే కొంప మునిగింది.

ఈ మధ్య పక్షుల ఫొటోలు తీసే కుర్రాళ్లు కొందరు మా ఇంటికి వస్తున్నారు. ఒక్క గద్ద ఎగిరితే నాలుగు వందల ఫొటోలు తీసి, వాటిని ఒక్కొక్కటిగా నాకు చూపించి, మధ్యలో నా కళ్లు మూతపడితే నొచ్చుకుంటారు. పోయేముందు అందరూ అడిగేది మాత్రం ఒకటే. "సార్, ఆ రెక్కలు విప్పిన గద్ద ఫొటో ఎలా తీశారు?" ఇన్నాళ్లూ లెన్సు గురించి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు పెన్షను తీసుకునే మనిషిని. నాకు మెమో ఇచ్చేవాడు ఎవడూ లేడు కనుక అసలు సంగతి చెబుతాను.

ఎనభైల దశకం నడిమి రోజులు. అటవీశాఖకు కొత్తగా ఒక డివిజన్ ఆఫీసరు వచ్చారు. అంతకుముందు వచ్చినవాళ్లకు టేకు పిచ్చి ఉండేది. ఈయనకు పక్షుల పిచ్చి. చంకలో ఎప్పుడూ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, మెడలో బైనాక్యులరు. ఏటా ఎగ్జిబిషన్లో ఆ శాఖ స్టాలులో దూది కూరిన చిరుతపులి ఒకటి నిలబడేది. దానికి ఒక కన్ను ఊడిపోతే ఎవరో గోలీ పెట్టారు. దాన్ని చూసి ఏడ్చే పిల్లలకన్నా నవ్వే పిల్లలే ఎక్కువ. ఈసారి ఆ పులికి రిటైర్మెంటు ఇచ్చి, మన అడవిలో బతికే వేటపక్షుల ఫొటోలు పెట్టాలని ఆయన పట్టుబట్టారు. "బతికున్న గద్ద కావాలండీ, దాని గూట్లో, దాని పిల్లతో" అన్నారు. దానికోసం మా శాఖ నన్ను రెండు వారాలు అరువిచ్చింది.

మా ఆఫీసులో అందరికన్నా సంతోషించినవాడు డార్క్‌రూమ్ అసిస్టెంటు. మధిర వైపు మనిషి. నేను తీసిన ప్రతి ఫొటోనూ చీకట్లో నాకన్నా ముందు చూసేవాడు, నాకన్నా ముందు నవ్వేవాడు కూడా. "ఏంటన్నా, గద్దకు సన్మానమా? శాలువా పట్టుకెళ్తున్నావా?" అన్నాడు. బయల్దేరేటప్పుడు వెనక నుంచి కేకేశాడు. "కళ్లు మూసిందేమో చూసుకోన్నా, మళ్లీ మంత్రిగారి ఫొటోలాగా అవుద్ది!"

మణుగూరు దాటి లోపలికి పోతే గోదావరిలో కలిసే వాగొకటి ఉంది. ఆ వాగు పక్కన కోయగూడెం. గూటిని కనిపెట్టింది ఆ గూడెం మనిషే. అటవీశాఖలో వాచరు, నలభై దాటినవాడు, సన్నగా, గట్టిగా ఉండేవాడు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. నన్నూ నా పెట్టెల్నీ చూసి, "ఇన్ని సామాన్లు దానికేనా సారూ?" అని మాత్రం అన్నాడు. వాళ్ల ఇంటి పక్కనే శాఖవాళ్ల రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే అందులో దిగాను.

గూడు వాగు ఒడ్డున ఏరుమద్ది చెట్టు మీద ఉంది. నాలుగు తాటి నిచ్చెనలు వేస్తే గానీ అందనంత ఎత్తు. మే నెల ఎండకు చుట్టూ ఉన్న టేకు చెట్లన్నీ ఆకులు రాల్చి కట్టెల్లా నిలబడితే, ఆ మద్ది ఒక్కటే వేళ్లు తడిలో ఉండి పచ్చగా ఉంది. పాముల గద్దంటే మీరు చూసే ఉంటారు. కోడికన్నా పెద్దది, ముదురు గోధుమ రంగు, పసుపు కళ్లు, కోపం వస్తే మెడ వెనక నలుపూ తెలుపూ కలిసిన జుట్టు లేస్తుంది. గూట్లో ఒకే ఒక పిల్ల. ఇంకా ఈకలు రాలేదు, తెల్లటి నూగు మాత్రమే. ఆ పక్షి ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుందని ఆఫీసరుగారి పుస్తకంలో చదివాను. అంటే ఆ పిల్ల పోతే ఆ ఏడాది ఆ జంటకు సంతానమే లేనట్టు. ఇది చదివిన తర్వాత కూడా నేను చేసిన పని చేశాను. అందుకే చదువు వేరు, బుద్ధి వేరు అంటారు.

పక్కనున్న చెట్టు మీద వాచరు వెదుళ్లతో మంచె కట్టాడు. చుట్టూ పాత దుప్పటి, దాని మీద ఆకులు, లెన్సుకు ఒక కన్నం. మంచెలోకి మనిషి ఎక్కడం చూస్తే గద్ద గూటికి రాదు. దానికి పుస్తకంలో ఒక ఉపాయం ఉంది. వాచరుకు గొప్పగా చెప్పాను.

"పక్షికి లెక్క రాదు. ఇద్దరం ఎక్కుదాం. నువ్వొక్కడివే దిగి, పాట పాడుకుంటూ పో. మనుషులు వెళ్లిపోయారని అనుకుంటుంది."

"దానికి లెక్క రాదని దాన్నే అడిగిండ్రా సారూ?" అన్నాడు.

అయినా చెప్పినట్టే చేశాడు. దిగి, వాగు దాటి, గొంతెత్తి కోయ పాట పాడుతూ వెళ్లాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ పాడుకుంటూ వచ్చి నన్ను దించుకుపోవాలి. గద్ద గంట ఆలోచించి గూటికి వచ్చింది. లెక్క రాక వచ్చిందో, నన్ను లెక్కలో వేసుకోక వచ్చిందో తెలియదు.

వచ్చింది గానీ కనబడలేదు. గూటి పైనుంచి ఒక కొమ్మ వంగి, ఇంటి చూరులా ముందుకు దిగి ఉంది. మూడు రోజులు నేను తీసిందంతా ఆ కొమ్మనే. ఒక ఫ్రేములో ఆకులు, తోక. ఇంకొక ఫ్రేములో ఆకులు, ఒక కన్ను. మూడో ఫ్రేములో ఉత్త ఆకులు. చెట్ల గురించి పుస్తకం వేసేవాళ్లకు పనికొచ్చేవి.

ఇక్కడ గూడెంలో నా పరువు సంగతి చెప్పాలి. అవి విత్తనాల పండుగ రోజులు. విత్తులు నేలలో పడకముందు మగవాళ్లు వేటకు వెళ్లి రావాలి. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి ఆడవాళ్లు ఊరి మొదట్లోనే కాపుకాసి పేడనీళ్లు పోస్తారు. ఆ భయానికి మగవాళ్లు చివరికి ఉడుతనైనా పట్టుకొస్తారు. ఆ రోజుల్లో ఆఫీసరుగారు ఆ వైపు క్యాంపు పెట్టుకునేవారు కాదు. ఎందుకని నేను అడగలేదు. ఆ గూడెం ఆడవాళ్ల లెక్కలో నేనూ వేటకు వెళ్తున్నవాణ్ణే. వాచరు తల్లి ఇంటి ముందు కూర్చుని రోజూ నాకోసం చూస్తుండేది. ఆమె కలెక్టరునైనా నువ్వు అనే పిలిచేది.

"ఏంది సారూ, ఇయ్యాల గూడ ఉత్త చేతులేనా?"

"దొరకలేదమ్మా. రేపు."

"రేపు గూడ గిట్లనే వస్తె పేడ కలిపి పెట్టమంటవా? ఆవు పేడనా, బర్రె పేడనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ షెడ్డులోకి వెళ్లాక మనసులో గుచ్చుకునేది. ఖమ్మంలో డార్క్‌రూమ్ వాడు ఏమంటాడో కూడా చెవిలో వినిపించేది.

నాలుగో రోజు సాయంత్రం నా ఓర్పు తెగింది. గద్ద వేటకు వెళ్లిన వేళ చెట్టు కింద నిలబడి వాచరుకు చెప్పాను, ఆ కొమ్మ తీసేయాలని.

"కట్టుకుందాం సారూ" అన్నాడు. "తాడేసి పక్కకు గుంజి కడత. మీ పనైనంక ఇడిసిపెడత."

"కడితే గాలికి మళ్లీ ముందుకొస్తుంది. రోజంతా దానితోనే సరిపోతుంది. నరికెయ్."

"ఆ కొమ్మ దానికి..." అని ఆగిపోయాడు.

"దానికేంటి?"

నా మొహం చూశాడు. "ఏం లే సారూ. మీరు చెప్పిన్రు గద."

ఈ మాట నేను నా పై అధికారులతో వందసార్లు అని ఉంటాను. "మీరు చెప్పారు కదా సార్" అంటే, ఇది తప్పు, కానీ తప్పు మీది అని అర్థం. సర్కారు నౌకరీలో పుట్టి పెరిగిన మాట అది. అంత అనుభవం ఉన్న నాకు ఆ రోజు వినపడలేదు. నా కంటికి ఆ కొమ్మ మంత్రిగారి ముందు నిలబడ్డ సర్పంచి బావమరిదిలా కనిపించింది. జరగమంటే జరగనివాడిని మెడపట్టి జరపాలి, అంతే. వాచరు చెట్టెక్కి నాలుగు దెబ్బల్లో కొమ్మను దించాడు. చెయ్యి అతనిది, నోరు నాది. కొమ్మ పోయినచోట తెల్లటి మొద్దు మిగిలింది.

మర్నాడు తెల్లవారుజామున మంచె ఎక్కాను. పొద్దు పొడిచేసరికి గూడంతా పళ్లెంలో పెట్టినట్టు కనబడింది. నా ఆనందం చెప్పలేను. తల్లి వచ్చింది, తొండనో బల్లినో చీల్చి పిల్లకు పెట్టింది. నేను కొట్టిన ప్రతి ఫ్రేమూ నాకు ముందే గోడమీద వేలాడుతున్నట్టు అనిపించింది. ఉక్కకు తట్టుకోలేక, పది గంటలకల్లా సీసాలో నీళ్లన్నీ తాగేశాను.

పదకొండు దాటాక పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇన్నాళ్లూ ఆకుల మీదే ఆగిన ఎండ, కొమ్మ పోయిన సందులోంచి నేరుగా గూటిలోకి దిగింది. పిల్ల నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. అప్పుడు తల్లి లేచి, పిల్లకూ పొద్దుకూ మధ్య నిలబడి, రెండు రెక్కలూ పూర్తిగా విప్పింది. జుట్టు లేచి ఉంది, రెక్కల కింద చుక్కలు చుక్కలుగా వెలుగు, ఆ నీడలో తెల్లటి పిల్ల. నా జన్మలో అంత అందమైనది లెన్సులోంచి చూడలేదు. గబగబా కొట్టాను. రోలు అయిపోతే మార్చి మళ్లీ కొట్టాను.

దాచిపెట్టను. ఎన్నో ఫ్రేములు కొట్టాక గానీ నాకు బుర్ర వెలగలేదు. మగపక్షి పామును ముక్కున కరుచుకుని వచ్చి గూటి అంచున పెట్టి వెళ్లింది. తల్లి దానివైపు చూసింది, తీసుకోలేదు. తీసుకోవాలంటే రెక్కలు ముడవాలి. ముడిస్తే పిల్ల మీద ఎండ పడుతుంది. అప్పుడు కెమెరా మీంచి కన్ను తీసి, ఉత్త కంటితో గూటిని చూశాను. అందులో ఎండ పడిన మేర, నిన్న నేను తీయించిన కొమ్మ మేర ఒక్కటే. ఆ రెక్కలు నాకోసం విప్పలేదు. నేను పీకేసిన ఇంటికప్పు బదులు ఆ తల్లి తన ఒళ్లు పరిచి నిలబడింది.

వెంటనే దిగి ఏదైనా అడ్డం పెట్టాలనుకుని దుప్పటి అంచు పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను బయటికి వస్తే తల్లి ఎగిరిపోతుంది. మనిషి చెట్టు మీద ఉన్నంతసేపూ తిరిగి రాదు. మే నెల నడిమధ్యాహ్నం, నూగు తప్ప ఒంటి మీద ఏమీ లేని పిల్ల ఆ ఎండలో ఎంతసేపు బతుకుతుంది? కదిలితే పిల్ల పోతుంది. కదలకుండా కూర్చుంటే తల్లి అలా మాడుతుంటే చూడాలి. కూర్చున్నాను.

నా ఉద్యోగంలో నేను కదలకుండా, ఎవరినీ కదలమనకుండా కూర్చున్నది ఆ ఒక్క రోజే. గండుచీమలు పంచెలోకి దూరాయి. కాళ్లు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి. గొంతు ఎండి దగ్గు వస్తుంటే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. ఎదురుగా తల్లి కూడా నోరు తెరిచి రొప్పుతోంది. రెక్కలు వాలిపోతుంటే మళ్లీ ఎత్తుతోంది. పొద్దు జరిగినకొద్దీ తానూ అడుగు అడుగు జరుగుతోంది. నాకన్నా అదే నయం, దానికి చేయడానికి పనైనా ఉంది. "తల్లీ, ఇంకొంచెంసేపు ఓర్చుకో" అని లోపలే అనుకున్నాను. ఆ మాట అనే మొహమా నాది?

అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఒంటిగంటకు వాచరు వస్తాడు, పాడుకుంటూ. నేనే నేర్పిన ఉపాయం. ఆ పాటకు తల్లి ఎగిరిపోతే పిల్ల పని అయిపోయినట్టే. అరిచి ఆపలేను. కాసేపటికి వాగు అవతల నుంచి అతని గొంతు వినిపించింది. దగ్గరికి వస్తోంది. గద్ద తల తిప్పింది, మెడ మీది జుట్టు నిక్కబొడిచింది. నేను కళ్లు మూసుకున్నాను.

పాట మధ్యలో తెగిపోయింది. మళ్లీ వినబడలేదు. అతను వచ్చాడో, వెనక్కి వెళ్లాడో తెలియలేదు. కళ్లు తెరిస్తే తల్లి అక్కడే ఉంది.

పొద్దు మద్ది మాను వెనక్కి వాలి, గూటి మీద నీడ పడేసరికి మూడున్నర దాటి ఉంటుంది. తల్లి రెక్కలు ముడిచి, కాసేపు అలాగే నిలబడి, పామును చీల్చి పిల్లకు పెట్టింది. పిల్ల మింగింది. నేను తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చాను, సిగ్గు లేకుండా. కొంతసేపటికి తల్లి వాగువైపు ఎగిరిపోయింది, నీళ్లకే కావచ్చు. అది కనుమరుగైందో లేదో చెట్టు కింద నుంచి పిలుపు వినబడింది.

"దిగుండ్రి సారూ, జల్దీ. అది వచ్చేలోపట కట్టాలె."

వాచరు పక్కన, వాగు దిగువన ఇంకో మద్దికి కొట్టి తెచ్చిన పచ్చటి కొమ్మ ఉంది, భుజం మీద అడ్డతీగ నార చుట్ట. ఆ ఒడ్డు నుంచే రెక్కలు చూసి సంగతి గ్రహించాడట. అవి తెచ్చుకుని రెండు గంటలు వాగు ఇసుకలో, పొద చాటున, నాకు తెలియకుండా నాలాగే కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని సామెత. మేం నిజంగానే ఆకులు పట్టుకుని చెట్టెక్కాం. అంటే అతనెక్కాడు, నేను కింద నిలబడి, అతను వదిలిన తాడుకు కొమ్మ కట్టి పైకి పంపాను. పాత మొద్దుకే ఆ కొమ్మను కట్టి, గూటి మీదికి వంచాడు.

వాచరు దిగి చేతులు దులుపుకున్నాడు. నేను అడిగాను. "నిన్న ఆ మాట మధ్యలో ఎందుకు ఆపావు? పూర్తిగా చెబితే నరకమనేవాణ్ణా?"

మిగిలిన తాడు చుట్టుకుంటూ చెప్పాడు. "అనేటోరే సారూ. నిన్న మీరు గట్లనే ఉండిరి."

అది నిజం. గూడెం చేరేసరికి వాళ్లమ్మ ఎదురుచూస్తోంది. "దొరికిందా సారూ?" అంది. "దొరికిందమ్మా" అన్నాను. "అయితె ఇయ్యాల పేడ లేదు" అని అందరితో కలిసి చప్పట్లు కొట్టింది. నిజానికి రెండు బిందెలు నెత్తిన పోయించుకోవాల్సింది ఆ రోజే.

కోసిన కొమ్మ ఎన్నాళ్లు పచ్చగా ఉంటుంది? రెండో రోజుకే ఆకు ముడుచుకుంది. పిల్లకు ఈకలు వచ్చేదాకా కొమ్మలు మారుస్తూనే ఉండాలి. ఆ రెండో రోజే జీపు వచ్చింది. మణుగూరు కాలనీలో ఏదో ప్రారంభోత్సవమట, మంత్రిగారు వస్తున్నారు, ఫొటోగ్రాఫరు వెంటనే రావాలట. ఇంకొన్ని రోజులు ఉంటానని అడిగి ఉంటే ఒప్పుకునేవారేమో. నేను అడగలేదు. ఫొటో చేతిలో పడ్డాక మనిషికి అడవిలో దోమలు ఎక్కువగా కుడతాయి.

"నువ్వు చూసుకుంటావా?" అన్నాను వాచరుతో.

"అవ్ సారూ. నేనే గద నరికింది" అన్నాడు. నరికింది నువ్వు కాదు, నేను అని నాలుక చివరిదాకా వచ్చింది. జీపు కదిలింది.

ఖమ్మంలో డార్క్‌రూమ్ అసిస్టెంటు నెగెటివు కడిగి, ఎర్ర దీపం వెలుగులో కాగితం మీద ఆ గద్ద తేలుతుంటే మొదటిసారి నన్ను ఎగతాళి చెయ్యలేదు. "అన్నా, ఇదేంటన్నా ఇలా వచ్చింది?" అన్నాడు మెల్లగా. తర్వాత కుడివైపు పైమూలన వేలు పెట్టాడు. "ఈ తెల్లమచ్చ బాలేదు. చూసేవాడి కన్నంతా అక్కడికే పోతోంది. కోసేద్దామా?" అది కొమ్మ నరికిన మొద్దు. "కోసెయ్" అన్నాను. ఎందుకు కోయాలో అతనికి తెలిసిన కారణం ఒకటి, నాకు తెలిసిన కారణం ఇంకొకటి.

ఆ వేసవి అంతా నాకు సరిగా నిద్ర లేదు. అటువైపు వెళ్లే జీపు డ్రైవర్లందరినీ పట్టుకుని వాచరును అడిగి రమ్మనేవాణ్ణి. "చెట్టు పచ్చగనే ఉన్నదని చెప్పమన్నడు" అని కబురు తెచ్చేవారు. వాళ్లకు అది మతిలేని కబురు. నాకు అన్నం సయించే కబురు. తొలకరి వానలు పడ్డాక ఒకరోజు వేరే కబురు వచ్చింది. "పిల్ల ఎగిరిందని చెప్పమన్నడు." ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. ఎందుకో చెప్పలేదు. నాకు ప్రమోషను వచ్చిందనుకుని ఇద్దరు అలిగారు.

డివిజన్ ఆఫీసరుగారికి మాత్రం ఒకసారి జీపులో వెళ్తూ నిజం చెప్పేశాను. కొమ్మ సంగతి, ఎండ సంగతి, అన్నీ. ఆయన బైనాక్యులరు తుడుచుకుంటూ చాలాసేపు విన్నారు. "ఎగ్జిబిషన్ అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు. ఎగ్జిబిషన్ అయ్యాక ఆయనకు బదిలీ అయింది.

అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలు, వాటిలోనే ఆ ఎగ్జిబిషన్. స్టాలు మధ్యలో, చిరుతపులి నిలబడేచోట, మనిషెత్తు ఫ్రేములో నా గద్ద. కింద పెద్ద అక్షరాలతో "మాతృప్రేమ" అని రాశారు. ఒక పెద్దమనిషి దాని ముందు నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, పక్షులకున్న ప్రేమ మనుషుల్లో లేకుండా పోతోందని. ఆ మాటలో ఆయన అనుకున్నదానికన్నా నిజం ఎక్కువే ఉంది. నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. చేతులు కలిపారు. నా ఫొటో తీయడానికి కూడా ఒకడొచ్చాడు.

ఆ సందడిలోనే వాచర్లందరినీ శాఖ వ్యానులో తీసుకొచ్చారు. మావాడు కొత్త ఖాకీ చొక్కాలో బిగుసుకుపోయి వచ్చాడు. చెవి పైన గోరుతో గీసినట్టు పొడుగాటి మచ్చ ఉంది. అదేమిటని అడిగితే, అతని పక్కనున్న వాచరు నవ్వుతూ చెప్పాడు. రెండు రోజులకోసారి కొమ్మ మార్చడానికి ఎక్కేవాడట. ఒకసారి గద్ద వెనక నుంచి వచ్చి తన్నిందట. ఆ తర్వాత నుంచి నెత్తిన సత్తుగిన్నె బోర్లించుకుని, తువ్వాలుతో గడ్డం కిందికి కట్టుకుని ఎక్కేవాడట. గూడెమంతా చెట్టు కింద చేరి చూసేదట. వాళ్లమ్మ ఆ గిన్నెకు గద్దగిన్నె అని పేరు పెట్టి, దాంట్లో ఇక అన్నం వండనని చెప్పేసిందట. నేను నవ్వలేకపోయాను.

మావాడు ఇదేమీ పట్టించుకోలేదు. ఫొటో ముందుకు వెళ్లి నిలబడ్డాడు. తల్లిని చూశాడు, పిల్లను చూశాడు. మొహం వికసించింది. తర్వాత అతని చూపు పైకి, కుడివైపుకు పోయి అక్కడే ఏదో వెతికింది. ఫ్రేము అంచు దగ్గర వేలు పెట్టి, నావైపు తిరిగాడు.

"సారూ, కొమ్మ నరికిన కాడ తెల్లగ మొద్దు ఉండాలె గద. ఏడ వాయె?"

చుట్టూ పది మంది ఉన్నారు. మెచ్చుకోలు పత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. అబద్ధం వెంటనే దొరకలేదు. "అది... బాగాలేదని కోసేశాం" అన్నాను.

అతని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నన్ను ఓదార్చేవాడిలా చెప్పాడు.

"ఉండనియ్యకపోతిరా సారూ. పిల్ల బతికింది గద. ఇంక దాచుడెందుకు?"

మర్నాడు డార్క్‌రూమ్‌లో కూర్చుని, నెగెటివు మొత్తం పడేలా రెండు ప్రింట్లు వేయించాను. ఒకటి వాచరు ఇంటికి వెళ్లింది. రెండోది మా ముందుగదిలో ఉంది. ఈసారి వచ్చినప్పుడు దాని ముందు నిలబడండి. గద్దను తర్వాత చూద్దురుగాని, ముందు కుడివైపు పైమూల చూడండి.